మార్పు జరిగిందా, జరిగిందన్నారా? తనిఖీ పాలసీల ప్రాజెక్టు డైరీ

1వ వారం, సోమవారం

ఈ పని నా నెత్తిన ఎలా పడిందో ముందు రాసుకుంటాను. మూడు వారాల క్రితం ఒక స్విచ్‌లో (కంప్యూటర్లను నెట్‌వర్క్‌లో కలిపే పెట్టె) కొత్త వీలాన్ (నెట్‌వర్క్‌లో విడిగా చేసిన భాగం) చేర్చారు. పరీక్షించారు, పనిచేసింది, టికెట్‌ను (ఆ పని కోసం తెరిచిన నమోదు పత్రాన్ని) ‘విజయవంతం’ అని మూసేశారు. మొన్న కరెంటు పోయి వచ్చింది. స్విచ్ మళ్లీ లేచింది గానీ ఆ వీలాన్‌తో లేవలేదు. మార్పు నడుస్తున్న కాన్ఫిగరేషన్‌లో (అమరికలో) చేశారు, భద్రపరచడం మరిచారు. ఇల్లు అలకగానే పండగ కాదంటే ఇదే.

సమీక్షలో మా మేనేజర్ గారు ఎవరినీ తిట్టలేదు. ‘మార్పు అయిందని మనిషి చెబుతున్నాడు, టికెట్ చెబుతోంది. యంత్రం ఏమంటోందో ఎవరూ అడగడం లేదు. ఆ అడిగే పని మీరు చూడండి’ అన్నారు. రెండు నెలల గడువు ఇచ్చారు.

చేతిలో ఉన్నవి మూడు. మార్పులకు ఆమోదం ఇచ్చే టికెట్ వ్యవస్థ, ఏ యంత్రం ఎలా ఉండాలో రాసి ఉంచే కాన్ఫిగరేషన్ డేటాబేస్ (మేము సీఎండీబీ అనే అంటాం), రోజూ రాత్రి రెండింటికి యంత్రాలను చదివి వచ్చే డిస్కవరీ స్కాన్. స్కాన్ చూసినదానికీ డేటాబేస్‌లో ఉన్నదానికీ తేడా వస్తే ఏం చేయాలో చెప్పేదే పాలసీ. చేయదగినవి నాలుగు: ఊరికే నమోదు చేయడం, రికార్డును కొత్త విలువతో దిద్దడం, ఇన్సిడెంట్ (సమస్య ఉందన్న ఫిర్యాదు) తెరవడం, మార్పు టికెట్ తెరిచి సంజాయిషీ అడగడం.

మా దగ్గర ఇన్నాళ్లూ ఏది నడుస్తోందో తెరిచి చూశాను. రికార్డును నిశ్శబ్దంగా దిద్దడం! అంటే ఎవరైనా ఆమోదం లేకుండా అర్ధరాత్రి ఏదైనా మారిస్తే, తెల్లారేసరికి అదే అధికారిక స్థితి అయిపోతుంది. కంచే చేను మేస్తోంది, పైగా మేసినదానికి రసీదు కూడా ఇస్తోంది.

1వ వారం, గురువారం

అన్నిటికీ కాపలా పెట్టాలన్న ఉత్సాహం బృందంలో కొందరికి ఉంది. నాకు లేదు. ఒక సర్వర్ గురించి స్కాన్ తెచ్చే లక్షణాలు వందకు పైనే. వాటిలో ఖాళీ డిస్కు, ప్రస్తుతం లోపల ఉన్న వినియోగదారు, లేచి ఎన్ని గంటలైంది లాంటివి ప్రతి రాత్రీ మారతాయి. మారకపోతేనే అనుమానించాలి.

అందుకే లక్షణాలను మూడు బుట్టలుగా చేశాం: కాపలా, గమనిక, వదిలేయాల్సినవి. ప్రాసెసర్ల సంఖ్య, మెమొరీ, ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, తెరిచి ఉన్న పోర్టులు (నెట్‌వర్క్ నుంచి లోపలికి వచ్చే ద్వారాలు), ఫైర్‌వాల్ నియమాలు (ఏ రాకపోకలను ఆపాలో చెప్పేవి), నిర్వాహక హక్కులున్న ఖాతాలు కాపలా బుట్టలోకి వెళ్లాయి. ఐపీ చిరునామా దగ్గర గంటసేపు వాదన. సర్వర్‌కు అది మారితే ప్రమాదం, ల్యాప్‌టాప్‌కు మారడం దాని స్వభావం. చివరకు తేలింది ఏమిటంటే, పాలసీని లక్షణానికి మాత్రమే కట్టకూడదు. యంత్రం ఏ తరగతిది, అది పరీక్షల్లో ఉందా వాడకంలో ఉందా అన్నవి కూడా కలిపి కట్టాలి.

2వ వారం, మంగళవారం నుంచి గురువారం

మొదటి రాత్రి పరుగు. ముందుజాగ్రత్తగా ‘నమోదు మాత్రమే’ అని పెట్టాను. అది నేను చేసిన మంచి పనుల్లో ఒకటి. పొద్దున చూస్తే 340 సర్వర్ల మీద 1,900కు పైగా తేడాలు. ఇన్సిడెంట్లు తెరవమని పెట్టి ఉంటే సేవాకేంద్రం వాళ్లు నన్ను భవనంలోకి రానిచ్చేవారు కాదు.

మూడు రోజులు కూర్చుని ఒక్కొక్కటీ విప్పాను. మెమొరీ దగ్గర మాత్రమే రెండు వందలకు పైగా ఉన్నాయి. రికార్డులో 16 జీబీ అని ఉంటుంది. హార్డ్‌వేర్ తనకంటూ కొంత పట్టుకోవడం వల్ల ఆపరేటింగ్ సిస్టమ్ 15.6 అంటుంది. ఎవరూ మెమొరీ దొంగిలించలేదు. వెర్షన్ సంఖ్యలు ఒకచోట 2.4, మరోచోట 2.4.0. సర్వర్ పేర్లు ఒకచోట పెద్ద అక్షరాల్లో, మరోచోట చిన్న అక్షరాల్లో, ఇంకోచోట డొమైన్ తోకతో సహా. ఇవన్నీ పోల్చే సమయంలో సరిచేయాల్సినవి. రికార్డులనే మార్చేద్దామని ఒకరు అన్నారు, నేను ఒప్పుకోలేదు. ముడి సమాచారాన్ని దిద్దడం మొదలుపెడితే రేపు నిజమైన తేడా వచ్చినా ఆ దిద్దుబాటులో కలిసిపోతుంది.

మెమొరీకి 5 శాతం మినహాయింపు ఇచ్చాం. పోర్టులకు, ఖాతాలకు సున్నా. ‘దాదాపు సరైన’ ఫైర్‌వాల్ అంటూ ఏదీ ఉండదు.

2వ వారం, శుక్రవారం

మిగిలిన తేడాల్లో రెండు రకాలు ఇంకా పీడించాయి. ఒకటి క్లస్టర్లు, అంటే ఒకే సేవ కోసం కలిసి పనిచేసే సర్వర్లు. జంట సర్వర్లలో ఒకటి పడిపోతే సేవ చిరునామా రెండోదానికి మారుతుంది. అది ఉండేదే అందుకు. స్కాన్ మాత్రం ‘ఈ సర్వర్ ఐపీ పోయింది, ఆ సర్వర్‌కు కొత్త ఐపీ వచ్చింది’ అని గగ్గోలు పెడుతోంది. దీనికి రూల్‌లో మినహాయింపు రాయబోయి ఆగాను. తప్పు రూల్‌ది కాదు, నమూనాది. ఆ చిరునామా క్లస్టర్ ఆస్తి, ఏ ఒక్క సర్వర్ ఆస్తీ కాదు. డేటాబేస్‌లో దాన్ని క్లస్టర్ రికార్డు కిందికి మార్చగానే గొడవ దానంతట అదే పోయింది.

రెండోది వింతగా ఉంది. ఒకే రికార్డు ఒక రాత్రి ఒక విలువ, మరుసటి రాత్రి ఇంకో విలువ, మూడో రాత్రి మళ్లీ పాతది. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, అవి రెండు యంత్రాలు. ఒక వర్చువల్ యంత్రాన్ని (సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్‌ను) నకలు తీసి రెండోది చేశారు. లినక్స్‌లో ఎట్సీ డైరెక్టరీ కింద ఉండే మెషీన్ ఐడీ ఫైలు (యంత్రానికి గుర్తింపు సంఖ్య) కూడా నకలులో వచ్చేసింది. స్కాన్ ఆ ఐడీని చూసి ఇద్దరినీ ఒకరే అనుకుని, ఎవరిని చివరగా కలిస్తే వారి వివరాలు రాస్తోంది. అలాంటి జంటలు ఏడు దొరికాయి. కొత్త ఐడీలు ఇచ్చేదాకా వాటి మీద తనిఖీ ఆపాను.

ఈ వారం చివర తేడాలు 1,900 నుంచి 60కి దిగాయి. ఇందులో ఒక్క అనధికార మార్పు కూడా పట్టలేదు, నిజమే. కానీ ఈ చెత్త తీయకుండా గంట మోగించి ఉంటే ‘నాన్నా పులి’ కథే అయ్యేది. పులి వచ్చిన రోజు ఎవరూ లేచేవారు కాదు.

3వ వారం

సమయం గురించి రాయాలి, ఎందుకంటే వారమంతా అదే తినేసింది.

పాలసీ తర్కం వినడానికి తేలిక: తేడా కనిపించింది, ఆ యంత్రం మీద ఆ సమయానికి ఆమోదం పొందిన మార్పు ఉందా? ఉంటే సరే, లేకపోతే అనధికారం. ఆ ‘ఆ సమయానికి’ అన్న మాటలోనే మెలిక ఉంది. మార్పు రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట మధ్య జరిగింది. స్కాన్ చూసింది రెండింటికి. పాలసీ పోల్చింది చూసిన సమయంతో. దాని లెక్కలో సక్రమంగా జరిగిన ప్రతి మార్పూ గడువు దాటి జరిగినదే.

దీనికి తోడు టికెట్లు స్థానిక సమయంలో, స్కాన్ ఫలితాలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నమోదవుతున్నాయి. రెండు తప్పులు కలిసి కొన్నిచోట్ల ఒకదాన్నొకటి సరిచేసుకుని, అంతా బాగున్నట్టు కనిపించింది కూడా. యూటీసీ సంగతి ఒక పూటలో అయిపోయింది. అన్నిటినీ అందులోకే మార్చి, తెర మీద చూపించేటప్పుడు మాత్రం స్థానిక సమయం చూపిస్తున్నాం.

మొదటిదానికి మందు: చూసిన క్షణాన్ని వదిలి, ‘చివరిసారి సరిగా చూసినప్పటి నుంచి ఇప్పటి వరకు’ అనే వ్యవధిని తీసుకోవడం. మార్పు ఎప్పుడు జరిగిందో మనకు తెలిసేది అంతవరకే. ఆ వ్యవధిలో ఆమోదిత మార్పు గడువు ఎక్కడైనా కలిస్తే జత కుదిరినట్టు.

పెట్టాను, బాగుంది. సాయంత్రం కాఫీ తాగుతుంటే తట్టింది, బాగోలేదు. వ్యవధి ఇరవై నాలుగు గంటలు. మధ్యాహ్నం ఎవరో చెప్పకుండా ఒక పోర్టు తెరిచారనుకుందాం. అదే సర్వర్ మీద రాత్రి మెమొరీ పెంచే ఆమోదిత టికెట్ ఉంది. నా కొత్త రూల్ ఆ పోర్టును కూడా టికెట్ గొడుగు కిందికి తెచ్చి వదిలేస్తుంది. కాబట్టి యంత్రం, సమయం కలిస్తే చాలదు. ఏ లక్షణం మారాలి, ఏ విలువకు మారాలి అన్నవీ కలవాలి. కానీ మా టికెట్లలో అవి ఎక్కడ ఉన్నాయి? ‘సర్వర్ సామర్థ్యం మెరుగుపరచుట’ అని ఉంది.

4వ వారం, సోమవారం

టికెట్ ఫారంలో ‘ఆశించే స్థితి’ అనే గడి చేర్చాం. ఏ యంత్రం, ఏ లక్షణం, ఇప్పుడు ఎంత, తర్వాత ఎంత. నింపకపోతే టికెట్ ముందుకు కదలదు.

4వ వారం, బుధవారం నుంచి

గడి నింపుతున్నారు. ‘పైన చెప్పినట్టే’ అని పద్నాలుగు. ‘సరిగ్గా ఉండాలి’ అని ఆరు. ఒక చుక్క మాత్రమే పెట్టినవి తొమ్మిది. వేటినీ యంత్రం పోల్చలేదు.

నెట్‌వర్క్ విభాగం పెద్దాయన నా దగ్గరికే వచ్చారు. ‘ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాం. ఇప్పుడు పరీక్ష రాయమంటారా అండీ?’ అని అడిగారు. కోపం లేదు, అలసట ఉంది. ఆయన చెప్పిందాంట్లో న్యాయం ఉంది. వారానికి ముప్పై సార్లు చేసే ఒకే రకం పనికి ముప్పై సార్లు అదే రాయడం వెట్టిచాకిరీ.

రెండు మార్పులు చేశాం. పదేపదే జరిగే, ప్రమాదం తక్కువగా ఉన్న, ముందే ఆమోదం పొందిన మార్పులకు నమూనాలు తయారుచేశాం. వాటిలో ఆశించే స్థితి ముందే నిండి ఉంటుంది, పోర్టు సంఖ్యో వీలాన్ సంఖ్యో ఇస్తే చాలు. ఇక గడి నింపడం తప్పనిసరి అన్న నిబంధన ఎత్తేశాను. బలవంతంగా నింపించిన గడిలో దొరికేది చుక్కే. బదులుగా, పోల్చదగిన విలువ లేని టికెట్‌ను వ్యవస్థ తానుగా మూయదు. మార్పు చేసినవారు కాకుండా మరొకరు యంత్రంలోకి వెళ్లి చూసి సంతకం చేయాలి. పక్కవారిని ఆ పనికి బతిమాలడం కన్నా గడి నింపడమే తేలికని రెండు రోజుల్లో అందరికీ అర్థమైంది.

ఈ ‘మరొకరు’ ఎందుకని సమావేశంలో అడిగితే నైట్ క్యాపిటల్ సంగతి చెప్పాను. అమెరికాలోని ఆ షేర్ల వ్యాపార సంస్థ 2012లో ఎనిమిది సర్వర్లలో కొత్త ప్రోగ్రాం పెట్టాల్సి ఉండగా, ఏడింటిలోనే పెట్టింది. ఎనిమిదోది మిగిలిపోయిందని ఎవరూ చూడలేదు. రెండో మనిషి సరిచూడాలన్న రాతపూర్వక పద్ధతే లేదని తర్వాత అక్కడి నియంత్రణ సంస్థ తేల్చింది. ఆగస్టు 1న మార్కెట్ తెరిచాక, ఎనిమిదో సర్వర్‌లో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న పాత కోడ్ మేల్కొంది. సుమారు 45 నిమిషాల్లో 440 మిలియన్ డాలర్లకు పైగా నష్టం.

ఆ కథ మా పాలసీలోకి కూడా ఒక వాక్యంగా వచ్చింది. టికెట్ ఒక గుంపును పేర్కొంటే, ఆ గుంపులో ప్రతి యంత్రం ఆశించే స్థితికి చేరాలి. ఎనిమిదిలో ఏడు అంటే 87 శాతం విజయం కాదు, విఫలం.

5వ వారం

ఈ వారం నాకు గర్వభంగం.

పన్నెండు లినక్స్ సర్వర్లలో రూట్ ఖాతాతో (అన్ని హక్కులూ ఉన్న ఖాతా) బయటి నుంచి నేరుగా లోపలికి రాకుండా చేయాలని ఒక టికెట్. ఆశించే స్థితి చక్కగా రాశారు: పర్మిట్‌రూట్‌లాగిన్ అనే అమరిక విలువ ‘నో’. రాత్రి మార్పు జరిగింది, స్కాన్ చూసింది, పాలసీ పోల్చింది, పన్నెండుకు పన్నెండు సరిపోయాయి, టికెట్ తానుగా మూసుకుంది. మేనేజర్ గారికి తెర చూపించి మురిసిపోయాను కూడా.

మరుసటి రోజు భద్రతా విభాగం అమ్మాయి ఫోన్ చేసింది. ‘సార్, మూడో సర్వర్‌లోకి నేను ఇప్పుడే రూట్‌గా వెళ్లి వచ్చాను. టికెట్ ఎందుకు మూసేశారు?’

ఫైలు తెరిచాను. చివర్లో ‘నో’ అని కొత్త వరుస శుభ్రంగా ఉంది. పైన ఎక్కడో ‘ఎస్’ అనే పాత వరుస అలాగే ఉంది. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి యంత్రంలోకి వెళ్లే మార్గం) సర్వర్ కాన్ఫిగరేషన్‌లో ఒకే మాట రెండుసార్లు వస్తే మొదటిదే చెల్లుతుంది. మా స్కాన్ రాసినవాళ్లు చాలా ఫైళ్లలో మాదిరిగా చివరిది చెల్లుతుందని అనుకున్నారు. మార్పు చేసిన మనిషీ అదే అనుకున్నాడు. చేసినవాడూ చూసినవాడూ ఒకే పొరపాటు పడితే తనిఖీ ఉన్నా లేనట్టే.

ఫైలులో ఏముందో చదవడం మానేశాం. ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కు ‘టీ’ అనే పెద్ద అక్షరపు ఐచ్ఛికం ఇస్తే, అది ఫైలును తన పద్ధతిలో చదివి, చివరకు ఏ విలువలు చెల్లుతాయో చెబుతుంది. దాన్నే అడుగుతున్నాం. ఇలా అడిగే వీలున్న ప్రతిచోటా ప్రోగ్రాంనే అడగాలని రూల్.

అయితే ఇదీ సగమే. ఆ జవాబు డిస్కులోని ఫైలు గురించినది. ఫైలు మార్చి సేవను మళ్లీ లోడ్ చేయకపోతే నడుస్తున్నది పాతదే. దీనికి తలకిందులుగా, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం) విలువలను సిస్‌సీటీఎల్ అనే ఆదేశంతో అప్పటికప్పుడు మార్చి ఫైలులో రాయకపోతే, ఈ రోజు సరే, యంత్రం మళ్లీ లేచిన రోజు మాయం. మా స్విచ్‌కు జరిగింది ఇదే. కాబట్టి ఒక్కో కాపలా లక్షణానికి మూడు ప్రశ్నలు: ఏమి రాసి ఉంది, ఏది నడుస్తోంది, రేపు మళ్లీ లేస్తే ఏది వస్తుంది. అన్నిటికీ మూడూ సాధ్యం కాలేదు. సాధ్యమైనవాటికి పెట్టాం.

నెట్‌వర్క్ పరికరాలకు ఒక రూల్ విడిగా: నడుస్తున్న కాన్ఫిగరేషన్, భద్రపరిచిన కాన్ఫిగరేషన్ ఒకటేనా? దీనికి టికెట్‌తో పనే లేదు, ఏ రోజైనా అడగవచ్చు. మొదటి రాత్రే పదకొండు పరికరాలు దొరికాయి. పెద్దాయన జాబితా చూసి ఏమీ అనలేదు. సాయంత్రానికి పదకొండూ భద్రపరిచి ఉన్నాయి.

6వ వారం

డాష్‌బోర్డ్ (తనిఖీ ఫలితాలు చూపే తెర) 97 శాతం పచ్చగా, అంటే రికార్డుతో కలిసినట్టుగా ఉంది. అంత పచ్చదనం చూస్తే నాకు నిద్ర పట్టదు. ఒక ప్రశ్న వేసి చూశాను: పచ్చగా ఉన్న ప్రతి యంత్రాన్నీ చివరిసారి ఎప్పుడు చదివాం?

ఇరవై మూడు యంత్రాలను పది రోజులకు పైగా చదవలేదు. కొన్నిటికి స్కాన్ ఖాతా పాస్‌వర్డ్ గడువు తీరింది, కొన్నిటికి మధ్యలో ఫైర్‌వాల్ అడ్డు వచ్చింది. చదవలేదు కాబట్టి కొత్త సమాచారం లేదు, సమాచారం లేదు కాబట్టి తేడా లేదు, తేడా లేదు కాబట్టి పచ్చ. ఒక సర్వర్‌ను పోయిన వారమే విప్పి మూల పడేశారట. అది కూడా పచ్చగానే ఉంది, పాపం.

మొదటి రోజు నుంచి నేను రెండే జవాబులు పెట్టుకున్నాను: కలిసింది, కలవలేదు. మూడోది ‘చూడలేదు’. అది పెట్టకపోవడం ఈ ప్రాజెక్టులో నా అతి పెద్ద తప్పు. ఇప్పుడు బూడిద రంగు ఒకటి చేర్చాం. పచ్చదనానికి గడువు ఉంది: కీలక సర్వర్లకు 48 గంటలు, మిగతావాటికి ఏడు రోజులు. ఏడు అన్నది గాలిలోంచి తీసింది కాదు. చెల్లింపు కార్డుల భద్రతా ప్రమాణమైన పీసీఐ డీఎస్‌ఎస్, కీలక ఫైళ్లను కనీసం వారానికి ఒకసారి పోల్చి చూడాలంటుంది. టికెట్ ఉన్న యంత్రానికైతే రాత్రి దాకా ఆగడం కూడా లేదు. మార్పు గడువు ముగిసిన అరగంటకు ఆ ఒక్క యంత్రాన్నే చదువుతున్నాం. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరగడం వల్ల ఒరిగేదేమీ లేదు.

కాపలాదారు మీద కాపలా కూడా కావాలి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు ప్రపంచమంతటా ఆగిపోయింది. ప్రమాదకరమైన ఆదేశాలను అడ్డుకోవాల్సిన తనిఖీ సాధనంలోనే లోపం ఉండి, తన డేటా సెంటర్లను కలిపే వెన్నెముక నెట్‌వర్క్‌ను కూల్చిన ఆదేశాన్ని అది ఆపలేదని ఆ సంస్థ స్వయంగా రాసింది. అందుకే ఒక ఉత్తుత్తి సర్వర్ పెట్టాను. వారానికోసారి, ఎప్పుడన్నది చెప్పకుండా, దానిలో టికెట్ లేని మార్పు ఒకటి చేస్తాం. పాలసీ అరవాలి. అరవకపోతే ఆ వారం ఫలితాలేవీ నమ్మం.

రంగు మార్చిన మర్నాడు పచ్చ 97 నుంచి 71కి పడింది. పైనుంచి కబురు: ‘ఒక్క రోజులో పనితీరు ఇంత దిగజారిందా?’ ‘లేదండీ, కళ్లజోడు పెట్టుకున్నాం’ అన్నాను. ఆ జవాబు అక్కడ అంతగా నచ్చినట్టు లేదు.

7వ వారం

అత్యవసర మార్పులు. రాత్రి ఒకటిన్నరకు డేటాబేస్ కుప్పకూలింది. షిఫ్టులో ఉన్న ఇంజినీరు ఒక విలువ మార్చి నిలబెట్టాడు. టికెట్ రాసే సమయమా అది? రెండున్నరకు పాలసీ ‘అనధికార మార్పు’ అని ఇన్సిడెంట్ తెరిచి, అప్పుడే కన్ను మూసిన అతణ్నే లేపింది.

ఇప్పుడు రూల్ ఇది: ఆ యంత్రం మీద తీవ్రమైన ఇన్సిడెంట్ తెరిచి ఉంటే, తేడాను దానికి తగిలించి 24 గంటలు ఆగుతాం. ఈలోగా వెనక నుంచి టికెట్ రాసి ఆమోదం పొందాలి. దాటితే అనధికారమే. ఈ సందును వాడుకోవడానికి ఎవరైనా ఇన్సిడెంట్‌ను మూయకుండా ఉంచవచ్చు. ఉంచుతారు కూడా. నెలకోసారి ఆ జాబితా నేనే చదువుతాను.

అనధికార మార్పును వ్యవస్థ తానుగా వెనక్కి తిప్పేయాలని ఒక ప్రతిపాదన వచ్చింది. వద్దన్నాను. తిప్పడం కూడా మార్పే, దానికి టికెట్ ఎవరు రాస్తారు? ఆ డేటాబేస్ విలువను మేము ఆ రాత్రి వెనక్కి తిప్పి ఉంటే మళ్లీ కుప్పకూలేది.

8వ వారం, శుక్రవారం

ఇన్నాళ్లూ కొన్నిచోట్లే పరీక్షగా ఇన్సిడెంట్లు తెరిచిన పాలసీ, సోమవారం నుంచి నెట్‌వర్క్ పరికరాలన్నిటికీ, కీలక సర్వర్లన్నిటికీ నిజంగా తెరుస్తోంది. ఐదు రోజుల్లో పదకొండు. మూడు నిజమైన అనధికార మార్పులు, ఆరు సగంలో ఆగిన ఆమోదిత మార్పులు, రెండు మా రూల్ తప్పులు. అనధికార మార్పుల వేట అనుకుని మొదలుపెట్టాం గానీ, ఎక్కువగా చిక్కుతున్నది ఆమోదం పొంది పూర్తికాని పనులే.

క్లౌడ్‌లో నలభై నిమిషాలు బతికి పోయే యంత్రాలకు రాత్రి స్కాన్ వల్ల ఉపయోగం లేదు. వాటికి యంత్రాన్ని వదిలి, అది పుట్టే మూల ఇమేజ్‌ను (అచ్చును) తనిఖీ చేయాలి. అది వచ్చే నెల పని.

బూడిద రంగులో ఇంకా నాలుగు ఉన్నాయి. మూడింటికి యజమానులు దొరికారు. నాలుగోది పింగ్‌కు (ఉన్నావా అని నెట్‌వర్క్‌లో పంపే పలకరింపుకు) జవాబిస్తుంది, లోపలికి రానివ్వదు, ఎవరిదో ఏ విభాగానికీ తెలియదు. ఆపి చూస్తే ఎవరో ఒకరు అరుస్తారు కదా అని పెద్దాయన సలహా ఇచ్చారు. ఆపడానికి టికెట్ తెరిచాను. ‘ఆశించే స్థితి’ గడి దగ్గర ఆగిపోయి ఉంది, అందులో ఏం రాయాలో నాకే తోచడం లేదు.